వంత ఆగిన చోటు

బుర్రకథ పుస్తకం తెరిస్తే స్వరాలు కనిపించవు. తాళం గుర్తులూ ఉండవు. పేజీకి ఎడమ అంచున ‘కథకుడు’, ‘వంత’, ‘వచనం’ అని చిన్న చిన్న మాటలు. ఎక్కడైనా పాట మారితే పైన ‘వరస’ అని రాసి, అందరికీ తెలిసిన ఏదో పాట పేరు. అంతే. ఆ ఒక్క మాటతో అచ్చువేసినవాడు సంగీతాన్నంతా పాఠకుడి చెవికి వదిలేశాడు. మా తిరుమలాయపాలెం రచ్చబండ దగ్గర కూర్చున్న పెద్దాయనకు చదువు రాకపోయినా ఆ వరస వస్తుంది. చదవగలిగిన పిల్లాడు మాట అందిస్తే ఆయన రాగం అందిస్తాడు. పుస్తకం సగమే అచ్చవుతుంది, మిగతా సగం ఊళ్ళో ఉంటుంది.

దీని పక్కన అమెరికా వాళ్ళ పాట కాగితాన్ని పెట్టి చూస్తే పనితనంలో తేడా తెలుస్తుంది. అంతర్యుద్ధ కాలపు అధ్యక్షుడు అబ్రహాం లింకన్ మీద 1865 ఏప్రిల్ 14 రాత్రి కాల్పులు జరిగాయి. మర్నాడు పొద్దున ప్రాణం పోయింది. ఆ ఏడాదే ఆయన కోసం శోకగీతాలు, శవయాత్ర బాణీలు ఎన్నో అచ్చయ్యాయి. ముఖచిత్రం శిలాముద్రణలో వేసేవారు. నల్లని అంచు, మధ్యలో గడ్డంతో లింకన్ బొమ్మ. లోపలి స్వరాల పని వేరు. మెత్తని లోహపు పలక మీద ఒక్కో స్వరాన్ని ఉక్కు ముద్రతో కొట్టి దించాలి, అదీ కుడి ఎడమలు తిరగేసి. పూర్తయిన పేజీలో పై గీతల మీద గొంతు స్వరం, దాని కింద అక్షరం అక్షరంగా విడగొట్టిన పాట, అడుగున పియానోకు రెండు చేతుల స్వరాలు. శవయాత్ర బాణీ అయితే ఎడమచేతి మంద్ర స్వరాలు, గుడ్డ కప్పిన డోలు మోతలా, ఒక్కో అడుగుకు ఒక్కో దెబ్బగా పడతాయి. వాషింగ్టన్‌ను ఎన్నడూ చూడని ఇంట్లో కూడా, ఆ కాగితం చూసి వాయిస్తే ఆ శవయాత్రే నడుస్తుంది. బాణీ ముందే తెలియనక్కర్లేని మనిషి కోసం చేసిన యంత్రం అది.

మన యంత్రం కాగితంలో లేదు, ముగ్గురు మనుషుల్లో ఉంది. నడుమ కథకుడు. భుజాన తంబురా. ఆ తంబురా కిందనున్న బుర్ర వల్లనే కథకు ఆ పేరు వచ్చిందంటారు. బొటనవేలికి ఒక అందె, మరో వేలికి ఇంకోటి. ఇవి లోపల గుల్లగా ఉండే లోహపు ఉంగరాలు. రెంటినీ తాకిస్తే ఖంగున మోగి తాళాన్ని నిలబెడతాయి. కాళ్ళకు గజ్జెలు. అంటే శ్రుతి, తాళం, అడుగు, మాట నాలుగూ ఒక్క మనిషి ఒంటిమీదే. అతనికి చెరోపక్క ఒక వంత. వాళ్ళ భుజాలకు గుమ్మెటలు వేలాడతాయి. డక్కీలనీ, బుడికెలనీ కూడా అంటారు. మట్టి ఒంటికి తోలు బిగించిన వాద్యం కనుక చెమ్మ తగిలితే దాని గొంతు జారుతుంది, నిప్పు సెగ చూపిస్తే మళ్ళీ బిగుస్తుంది. అరచెయ్యి అదిమి కొడితే బొంగురు మోత, వేళ్ళ కొసలతో కొడితే పొడి టకటక.

వంతలిద్దరిదీ ఒకే పని కాదు. ఒకడు హాస్యం చెప్తాడు, ఇంకొకడు రాజకీయం మాట్లాడతాడు. కథకుడు ఒక చరణం పాడి ఆపగానే ఇద్దరూ ‘తందాన తాన’ అని అందుకుంటారు. ఇది ఉత్త అలంకారం అనుకుంటే పొరపాటు. ఆ రెండు క్షణాల్లో కథకుడు ఊపిరి తీసుకుంటాడు, తర్వాతి చరణం తలుచుకుంటాడు, జనం మొహాలు చూస్తాడు. వినేవాడు విన్నదాన్ని మింగుతాడు. మైకు లేని రోజుల్లో వెనక వరసకు మాట చేరడానికీ అదే ఆసరా.

ఇక మాట కూర్పు. ఈ కథల్లో ద్విపద, మంజరి, రగడ విరివిగా వాడతారు. ద్విపద లెక్క సులువు. పాదానికి మూడు ఇంద్రగణాలు, చివర ఒక సూర్యగణం. మూడో గణం మొదటి అక్షరానికి యతి. రెండు పాదాలకూ రెండో అక్షరం ప్రాస. లెక్క చూపడానికి నేనే రెండు పాదాలు కట్టాను:

కొండల నడుమను గుండెలా కదిలి
మండిన మన్యము మాటపై నిలిచె

‘కొ’కు ‘గు’, ‘మ’కు ‘మా’ యతి. పై పాదంలో ‘ండ’, కింద పాదంలో ‘ండి’ ప్రాస. ఇక్కడ పాదానికి పదహారు మాత్రలు. పైకి పాండిత్యంలా కనిపించే ఈ నియమాలు నిజానికి జ్ఞాపకానికి వేసిన మేకులు. కథకుడు ఒక మాట మరిచిపోతే ఏ అక్షరంతో మొదలుకావాలో యతి చెప్తుంది. ప్రాస తర్వాతి పాదం తలుపు తీస్తుంది. మంజరికి ఆ ప్రాస కూడా అక్కర్లేదు కాబట్టి కథ వేగంగా పరిగెత్తాల్సిన చోట అది పనికొస్తుంది. రగడల్లో తురగవల్గనం మూడు మాత్రల నడక, వృషభగతి మూడూ నాలుగూ కలిసిన ఏడు మాత్రల నడక. ఒకటి గుర్రం దూకుడు, ఇంకొకటి ఎద్దు నడక. పేరు వింటేనే కాలు ఎలా పడాలో తెలుస్తుంది.

జంగం కథగా, తందాన కథగా ఊళ్ళు తిరిగిన ఈ పరికరాన్ని 1940లలో వామపక్ష కళాసంస్థ ప్రజానాట్యమండలి చేతిలోకి తీసుకుని కొత్తగా పదునుపెట్టింది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ దానికి పెద్ద దిక్కయ్యాడు. 1986లో పద్మశ్రీ అందుకున్నాడు. పాత వీరుల కథలు చెప్పే నోటితోనే కరువునూ, దొరతనాన్నీ చెప్పడం మొదలయ్యేసరికి అటు మద్రాసు రాజ్యంలోనూ ఇటు నిజాం రాజ్యంలోనూ బుర్రకథ మీద నిషేధాలు వచ్చాయి. తంబురా, రెండు మట్టి వాద్యాలు చూసి ప్రభుత్వాలు భయపడ్డాయంటే ఆ యంత్రం ఎంత బాగా పనిచేసేదో లెక్క కట్టుకోవచ్చు.

యుద్ధం నడిపిన నాయకుడు, అతని చావు. ఈ రెండూ మన కథల్లో ఎలా అమరుతాయో చూడాలంటే అల్లూరి సీతారామరాజు కథ వినాలి. 1954లో వచ్చిన ‘అగ్గిరాముడు’ సినిమాలో నాజర్ దళం చెప్పింది ఆ కథే. మాకు అది పరాయి కథ కాదు. మా వైపున్న భద్రాచలం 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలోదే. మా అడవి, రాజు తిరిగిన అడవి ఒకే గోదావరి పక్క కొండలు.

కథకు కావలసిన మెట్లన్నీ చరిత్రలోనే ఉన్నాయి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్ల మీద రాజు దాడి. కథ చెప్పేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? మూడు చరణాలు ఒకే అచ్చులో పోసి, ఊరి పేరు మాత్రం మార్చి, ఒక్కోసారి తాళం ఒక్కింత పెంచితే చాలు. మూడోసారికి జనమే వంత అందుకుంటారు. ఎత్తుకుపోయిన తుపాకుల లెక్క రాజే రాసిచ్చి వెళ్ళడం హాస్యపు వంతకు దొరికిన విందు. సెప్టెంబరులో దామనపల్లి కనుమ దగ్గర ఇద్దరు తెల్ల అధికారులు కూలడం వీరరసానికి శిఖరం. రాజు వెంట నిలిచిన గాము గంటందొర, మల్లుదొర పేర్లు వచ్చినప్పుడు రాజకీయపు వంతకు అడవి మీద హక్కు ఎవరిదని అడగడానికి వీలు చిక్కుతుంది.

ఆ తర్వాత 1924 మే 7. మంప దగ్గర పట్టుబడ్డ రాజును కొయ్యూరులో చెట్టుకు కట్టి కాల్చారు. ఇక్కడ పరికరమంతా తిరగబడుతుంది. ఇంతదాకా ముందుకు నెట్టిన తాళాన్ని కథకుడు సగానికి దించుతాడు. గజ్జెల కాలు నేలకు ఆనుకుంటుంది. పాట వచనంలోకి జారుతుంది. వచనానికి మాత్రల లెక్క ఉండదు కనుక మాట ఎక్కడ ఆగుతుందో వినేవాడికి ముందుగా తెలియదు. గుమ్మెట మీద అరచెయ్యి అదిమిన మోత మాత్రం విడివిడిగా వినిపిస్తుంది. గుడ్డ కప్పిన డోలు కోసం పియానో ఎడమచేతికి రాసిన స్వరాలు చేసే పనే ఇక్కడ ఆ అరచెయ్యి చేస్తుంది.

అసలు కీలు మాత్రం ఇంకో చోట ఉంది. కథ మొదలైనప్పటి నుంచీ ప్రతి మాటకూ అడ్డం వచ్చినవాడు హాస్యపు వంత. ఆకలన్నాడు, కథకుణ్ణి వెక్కిరించాడు, పోలీసుల నడక నటించి పిల్లల్ని పొర్లి పొర్లి నవ్వించాడు. గంటకు పైగా జనానికి అతని అడ్డు అలవాటు చేశారు. చావు ఘట్టం దగ్గర అతను ఒక్క మాట అనడు. కథకుడు మాట ఆపుతాడు, జనం అలవాటుగా అతని వైపు చూస్తారు. అతను తల వంచుకుని ఉంటాడు. ఆ ఖాళీలో జరిగే పని ఏ వాద్యంతోనూ అయ్యేది కాదు. అది పనిచేయాలంటే ముందు గంటసేపు నవ్వించి ఉండాలి. అందుకే హాస్యం దండగ అని కత్తిరించిన కథలో ఏడుపు కూడా రాదు.

మౌనం ఎక్కువసేపు నిలవనివ్వరు. సమాధి కృష్ణదేవిపేటలో ఉందని చెప్పి, కథకుడు అందె మోగిస్తాడు. తాళం పాత నడకకు వస్తుంది. వంతలిద్దరూ తందాన అందుకుంటారు. ఈసారి ఆ గొంతుల్లో జనం గొంతులూ కలుస్తాయి.

మళ్ళీ ఆ చిన్న పుస్తకం తెరిచి చావు ఘట్టం ఉన్న పేజీ చూడండి. అమెరికా కాగితంలో విరామానికి కూడా గుర్తు ఉంటుంది, ఎన్ని మాత్రలు ఆగాలో లెక్క ఉంటుంది. తెలుగు కథ తెలిసి రాసినవాడు ఇక్కడ గుర్తేమీ పెట్టడు. ఎడమ అంచున ‘కథకుడు’ అని ఉంటుంది, కింద మళ్ళీ ‘కథకుడు’ అనే ఉంటుంది. మధ్యన రావలసిన ‘వంత’ రాదు. చదివేవాడు కథ విన్నవాడైతే ఆ చోట తనే ఆగుతాడు.