ఆవం ఆర్పే వేళ

హైదరాబాదులో, బరోడాలో చదువుకున్న పి.ఆర్. దరోజ్ లాంటి సిరామిక్ కళాకారులు మట్టిని 1,200 డిగ్రీలు దాటించి, రాయంత గట్టిపరిచి శిల్పాలు చేశారు. పిఠాపురం వైపు కుమ్మరి ఆ వేడి జోలికి వెళ్లడు. 700, 900 డిగ్రీల మధ్యే ఆపేస్తాడు. చేతకాక కాదు. డెల్టా ఒండ్రులో ఇనుము పాలు ఎక్కువ. స్టూడియో కొలిమిలో పెడితే కుండ మెత్తబడి కుంగిపోతుంది. పైగా అంత కాల్చితే సన్నరంధ్రాలు పూడుకుపోయి, మంచినీళ్ల కుండ ఎందుకూ పనికిరాదు.

కుండ చెమర్చాలి. పైకి ఊరిన చెమ్మ ఆవిరవుతూ గ్రాముకు 580 కేలరీల దాకా వేడిని లాక్కుపోతుంది, అందులో చాలాభాగం లోపలి నీళ్లదే. ఉప్పాడ సముద్రం దగ్గర కాబట్టి ఉక్కపోసే రోజున ఇక్కడి కుండ కాస్త బద్ధకిస్తుంది. పడమటి గాడ్పు కొట్టిన రోజున చూడాలి దాని తడాఖా!

చెరువు మట్టిని ఎండబెట్టి, నలగ్గొట్టి, రాళ్లేరి, నానబెట్టి, సన్న ఇసుక కలిపి కాళ్లతో తొక్కుతారు. ఇసుక వల్ల మట్టి గుల్లబారి, ఆవంలో ఆవిరికి దారి దొరుకుతుంది; లేకపోతే కుండ పగులుతుంది. చూసేవాళ్లంతా సారె దగ్గరే నిలబడిపోతారు గానీ, అసలు విద్య తర్వాతిది. సారె మీంచి దించిన పెద్దకుండకు అడుగు పూర్తిగా ఉండదు. కాస్త ఆరాక లోపల రాయి ఆనించి, బయట చెక్కతో తడుతూ, గోడను పల్చబరుస్తూ అడుగు మూసేస్తారు. కుండ గుండ్రంగా రావడం ఆ దెబ్బల చలవే. మూలలుండవు కాబట్టి పొయ్యి మీద సెగ అంతటా సమంగా తగులుతుంది. ఖాదీ కమిషన్ 2018 నుంచి పంచుతున్న కరెంటు సారెలు తిప్పే చాకిరీని తగ్గించాయి. ఈ తట్టుడు మాత్రం చేతిదే.

ఆవానికి థర్మామీటరు లేదు. మొదట తెల్లటి దట్టమైన పొగ వస్తుంది, అది మట్టిలోని తేమ. పొగ పల్చబడ్డాక మంట పెంచుతారు. గాలి ఆడితే ఇనుము ఎరుపెక్కుతుంది. గాలి మూసి పొగ మగ్గబెడితే నలుపు. ఈ రెంటినీ ఒకే పాత్రలో రప్పించిన పనివాళ్లు శాతవాహనుల నాడే ఉన్నారు. లోపల నలుపు, బయట ఎరుపు పాత్రలు ఆంధ్ర తీరంలో విరివిగా దొరికాయి. ఆ వంశంలోని చండసాతి శాసనం దొరికిన కొడవలి కొండ పిఠాపురానికి దగ్గరే.

రూపాలకు ప్రేరణ ఎక్కడిదంటే వంటింట్లోకి చూస్తే చాలు. తరవాణి కుండకు మూతి వెడల్పు, ఎసటి కుండకు మెడ పొట్టి. తిరుమలలో గడప దాటి స్వామి ముందుకు వెళ్లే పెరుగన్నం ఈనాటికీ కొత్త మట్టి ఓడులోనే. పెళ్లిలో ఐరేని కుండలు సరేసరి.

ఇప్పుడు రోడ్డు పక్క కుండలకు మెరిసే పెయింటు పూసి అమ్ముతున్నారు. ఆ రంగు రంధ్రాలను మూసేస్తుంది, నీళ్లు చల్లబడవు. కొన్నవాళ్లు కుమ్మరిని తిట్టుకుంటారు. అందమే కావాలంటే ఐరేని కుండలకు వేసినట్టు మెడ చుట్టూ సున్నపు గీతలు వేయించుకోవచ్చు.