ధ్రువభూముల డ్రోన్ పటాలు: ఆకారం, కారణం

ధ్రువప్రాంతాల భూస్వరూపాలను డ్రోన్లతో ఫొటోలు తీసి పటాలుగా మలచడం గత పదిహేనేళ్ళలో ఒక ప్రత్యేక పరిశోధనాశాఖగా స్థిరపడింది. ఖతార్‌లోని ఉమ్ సలాల్ ఎండల్లో కూర్చుని ఒక వైద్యుడు మంచునేలల మీద వ్యాసాలు చదవడం కొందరికి వింతగా తోచవచ్చు. పైనుంచి తీసిన బొమ్మను చూసి లోపల ఏముందో చెప్పబూనడమనే చిక్కు మా వృత్తిలో రోజూ ఎదురయ్యేదే కనుక, ఈ వ్యాసాలు నన్ను పట్టి ఉంచాయి. వాటిలో నాకు కనిపించిన ఒక లోపాన్ని ఇక్కడ చర్చిస్తాను.

పద్ధతి క్లుప్తంగా ఇది: ఒకే నేలను వేర్వేరు చోట్ల నుంచి తీసిన వందలాది ఫొటోల్లో ఉమ్మడి బిందువులను గుర్తించి, కెమెరా ఎక్కడెక్కడ ఉన్నదో, నేల ఎత్తుపల్లాలేమిటో కంప్యూటరు ఒకేసారి లెక్కగడుతుంది. దీనికి 'స్ట్రక్చర్ ఫ్రమ్ మోషన్' అని పేరు. భూస్వరూప శాస్త్రానికి ఇది చౌకగా పనికొస్తుందని వెస్టొబీ బృందం 2012లో వాదించింది. టాస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన లూసీర్ బృందం అంటార్కిటికాలోని కేసీ కేంద్రం దగ్గర నాచుమడులను ఈ పద్ధతితోనే కొలిచి 2014లో ప్రచురించింది. ఆ వ్యాసం నాకు ఇప్పటికీ ఆదర్శంగా కనిపిస్తుంది. నాచు బతకాలంటే కరిగిన మంచునీరు అందాలి. ఆ నీరు ఏ దారిన పారుతుందో తెలియాలంటే అతి సూక్ష్మమైన ఎత్తుపల్లాలు తెలియాలి. అక్కడ ప్రశ్న ముందు పుట్టింది, డ్రోన్ తర్వాత ఎగిరింది. తరువాత వచ్చిన వ్యాసాలు అనేకం పటం పూర్తికాగానే ముగిసిపోతాయి.

వాటిలో తరచు ఘనంగా చెప్పుకునే సంఖ్య ఒకటుంది: రెండు సెంటీమీటర్ల స్పష్టత. బొమ్మలో ఒక్కో చుక్క నేల మీద రెండు సెంటీమీటర్లకు సమానమని దాని అర్థం. ఎత్తు కూడా రెండు సెంటీమీటర్ల తేడాలోపు సరిగా వచ్చిందని దానివల్ల తేలదు. కెమెరా నిట్టనిలువుగా కిందికే చూస్తూ పోతే, కటకపు వంకరను లెక్క సరిగా పట్టుకోలేక, చదునైన నేల గుమ్మటంలా ఉబ్బి కనిపించవచ్చని జేమ్స్, రాబ్సన్ 2014లోనే చూపించారు. ఏటవాలుగా తీసిన ఫొటోలు కొన్ని కలిపితే ఈ దోషం బాగా తగ్గుతుంది.

ధ్రువాల దగ్గర చిక్కులు ఇంకా ముదురుతాయి. కొత్తగా పడిన మంచు మీద పోల్చుకోవడానికి గుర్తులుండవు. జీపీఎస్ ఉపగ్రహాల కక్ష్యలు భూమధ్యరేఖకు 55 డిగ్రీల వాలులో ఉంటాయి కనుక, ధ్రువం వద్ద అవి దిగంతం నుంచి సుమారు 45 డిగ్రీలకు మించి పైకి రావు. ఎత్తు కొలతకు అది చేటు. చలికి బ్యాటరీ త్వరగా నీరసిస్తుంది. భారతదేశపు 'హిమాద్రి' కేంద్రం 2008 నుంచి ఉన్న స్వాల్‌బార్డ్‌లోని నీ-ఓలెసుండ్‌లోనైతే, అక్కడి రేడియో టెలిస్కోపుల కోసం 20 కిలోమీటర్ల పరిధిలో 2 నుంచి 32 గిగాహెర్ట్జ్ దాకా రేడియో నిశ్శబ్దం పాటించాలి. మామూలు డ్రోన్లు మాట్లాడుకునేది 2.4 దగ్గర!

వీటన్నిటికంటే నన్ను ఆలోచింపజేసేది మరొకటి. పటాన్ని సరిచూడటానికి నేల మీద గుర్తుపలకలు పాతుతారు. నేల గడ్డకట్టి ఉబ్బే చోట ఆ పలకలే పైకి లేస్తాయి. రోగి కదలికను కొలవాలంటే కదలని బల్ల కావాలి. గట్టి రాతి మీద పలకలు పెట్టామని, లెక్కలో వాడని విడి బిందువులతో సరిచూశామని స్పష్టంగా రాయని వ్యాసం ఏడాదికి మూడు సెంటీమీటర్ల కదలికను ప్రకటిస్తే, దాన్ని నేను నమ్మలేను.

ఇక ఆకారానికీ కారణానికీ ఉన్న దూరం చూద్దాం. ఎండాకాలంలో నెర్రెలు విచ్చిన నల్లరేగడి చేను తెలుగువారికి కొత్త కాదు. ఇక్కడి ఉప్పునేలల మీద, సబ్ఖాల్లో, గట్లు లేచిన బహుభుజులు కనిపిస్తాయి. అలాస్కా ఉత్తరతీరంలోనూ అవే బహుభుజులు. మూడింటినీ కొలమానం చెరిపేసి పక్కపక్కన పెడితే, ఏది ఏదో చెప్పడం నిపుణులకూ తేలిక కాదు. నల్లరేగడిలో బంకమట్టి ఎండి కుంచించుకుపోతుంది; సబ్ఖాలో ఉప్పు స్ఫటికాలు పెరిగి పెచ్చును తోస్తాయి; అలాస్కాలో శీతాకాలపు చలికి నేల పగిలి, వసంతంలో ఆ పగులులోకి కరిగిన నీరు దిగి గడ్డకట్టి, శతాబ్దాలపాటు మంచుమేకులా పెరుగుతుంది. ఈ చివరిదాన్ని 1915లో లెఫింగ్‌వెల్ వివరిస్తే, 1962లో లాకెన్‌బ్రుక్ దాని యాంత్రికశాస్త్రం రాశాడు. ఇద్దరికీ డ్రోన్ లేదు. పైగా మంచుమేకు కరిగి ఇసుకతో నిండిపోయినా పైన గీత మిగిలే ఉండవచ్చు. లోపల ఇంకా మంచుందా అన్నది తవ్వితేనో, నేలలోకి చూసే రాడార్‌తోనో తెలుస్తుంది. రేడియాలజిస్టులు రిపోర్టు చివర 'రోగి లక్షణాలతో పోల్చి చూడవలెను' అని రాస్తారు. ఈ పటాల కింద అటువంటి వాక్యం అరుదు.

లోపల మంచుందా లేదా అన్నది పండితుల తగువు మాత్రమే కాదనడానికి సిక్కిం సాక్ష్యం. అది ధ్రువం కాకపోయినా గడ్డకట్టిన నేలే. 2023 అక్టోబరు 3 రాత్రి దక్షిణ ల్హోనక్ సరస్సులోకి పక్కనున్న ఘనీభవించిన మొరైన్ గట్టు కూలింది. లేచిన అల సరస్సు కట్టను తెంచింది, 1200 మెగావాట్ల తీస్తా-3 ఆనకట్ట కొట్టుకుపోయింది, పదులమంది చనిపోయారు. ఆ గట్టు అంతకు ముందునుంచే జరుగుతోందని ఉపగ్రహ చిత్రాల్లో తేలింది. అటువంటి చోట మళ్ళీమళ్ళీ ఎగిరే డ్రోన్ కదలికను మరింత నిశితంగా కొలవగలదు, ఆ మేలును కాదనను. ఆ కదలిక మామూలు మట్టిజారుడా, లోపలి మంచు మెత్తబడటమా అన్నది చెప్పాలంటే మాత్రం, గట్టులో బోరు వేసి ఉష్ణమాపకం దింపాలి.

అంటార్కిటికాలోని మన 'భారతీ' కేంద్రంలో 2013 నుంచి ఉన్న ఉపగ్రహ గ్రాహక కేంద్రం తాను అందుకున్న సమాచారాన్ని హైదరాబాదు దగ్గరి షాద్‌నగర్‌కు పంపుతోంది. అంటే పైనుంచి చూసే చూపు మనకు కొరత కాదు. డ్రోన్ పటంతోపాటు ఎన్ని గోతులు తవ్వారు, ఎంత లోతున ఎంత ఉష్ణోగ్రత ఉంది, విడి బిందువుల దగ్గర దోషం ఎంత వచ్చింది అన్న మూడు సంఖ్యలను ప్రచురణకు షరతుగా పెట్టడం సంపాదకులకు పెద్ద కష్టం కాదు. వ్యాసాలు కొన్ని తగ్గుతాయి.