చూసే హక్కు ముందివ్వండి

హెల్ప్‌డెస్క్ వాళ్లకి ఏకంగా డొమైన్ అడ్మిన్ యాక్సెస్ ఇచ్చేసిన ఆఫీసులు హైదరాబాదులో ఇప్పటికీ తగులుతూనే ఉంటాయి నాకు. ఎందుకిచ్చారని అడిగితే, "చీటికీ మాటికీ మా ప్రాణం తీస్తున్నారండీ" అంటారు సీనియర్లు. వాళ్ల బాధా అబద్ధం కాదు. విండోస్ గ్రూప్ పాలసీ అన్న మాట వినబడితే చాలు, టికెట్ పైకొచ్చేస్తుంది. పైన ఉండేది ఇద్దరో ముగ్గురో.

నిజానికి పాలసీ మీద పెత్తనాన్ని విడగొట్టి పంచుకోవచ్చు. కొత్తది తయారుచేయడం వేరు, ఉన్నదాన్ని సవరించడం వేరు, దాన్ని ఫలానా విభాగపు ఆర్గనైజేషనల్ యూనిట్‌కి లింక్ చేయడం వేరు. గ్రూప్ పాలసీ క్రియేటర్ ఓనర్స్ గ్రూపులో చేర్చినవాళ్లు తాము తయారుచేసిన పాలసీలనే సవరించగలరు. విడిగా లింక్ హక్కు ఇస్తే తప్ప వాటిని ఎక్కడా తగిలించలేరు.

వీటన్నిటికంటే ముందు ఇవ్వాల్సింది ఎవరూ అడగనిది: ఫలితాలు చూసే హక్కు. అది ఉంటే ఫోనెత్తిన కుర్రాడు తన సీట్లోంచే అవతలి కంప్యూటర్‌కి ఏ పాలసీ వర్తించిందో, ఏది ఆగిందో, ఎందుకాగిందో రిపోర్టు తీసి చెప్పగలడు. పాలసీ వెనకనుంచి రిఫ్రెష్ అయ్యేది మామూలుగా 90 నిమిషాలకోసారి, దానిమీద 30 నిమిషాల దాకా ఇంకా పట్టొచ్చు. ఫోల్డర్ రీడైరెక్షన్ లాంటివైతే మళ్లీ లాగిన్ అయితేగానీ రావు. "మార్చామన్నారు, ఏదీ?" అని అడిగేవాళ్లలో చాలామందికి ఈ జవాబు చాలు.

లింక్ హక్కు తర్వాతి మెట్టు. తగిలించగలిగినవాడు తీసేయనూ గలడని మాత్రం మరిచిపోకూడదు. హక్కులు పంచే విజార్డులో ఆ హక్కు ఇస్తే పైనుంచి వచ్చే పాలసీలను బ్లాక్ చేసే వీలు కూడా దాంతోపాటే వెళ్తుంది. అందుకే తప్పనిసరి భద్రతా పాలసీలను పై స్థాయిలో ఎన్‌ఫోర్స్‌డ్‌గా పెట్టాలి. కింద ఎవరు బ్లాక్ చేసినా అవి ఆగవు.

సవరించే హక్కు దగ్గర నేను పిసినారిని. పాలసీలో స్టార్టప్ స్క్రిప్టు పెట్టారనుకోండి, అది సిస్టమ్ ఖాతా మీద నడుస్తుంది. అంటే పాలసీని సవరించగలిగినవాడు అది వర్తించే ప్రతి కంప్యూటర్‌కీ అడ్మినే, ఏ అడ్మిన్ గ్రూపులోనూ పేరు లేకపోయినా సరే. 2021లో వచ్చిన లాక్‌బిట్ 2.0 రాన్సమ్‌వేర్ డొమైన్ కంట్రోలర్ చేజిక్కాక గ్రూప్ పాలసీ మీదే నెట్‌వర్కంతా పాకేది. డొమైన్ కంట్రోలర్లకు తగిలించిన పాలసీల జోలికి హెల్ప్‌డెస్క్‌ని రానివ్వనే కూడదు.

ఇచ్చేది కూడా గ్రూపుకే ఇవ్వాలి, మనిషి పేరు మీద కాదు. మనిషి ఉద్యోగం మానేసి ఖాతా తీసేశాక హక్కుల జాబితాలో ఎస్-1-5తో మొదలయ్యే పొడుగాటి అంకె ఒకటి మిగులుతుంది. అదెవరిదో తర్వాత వచ్చినవాడికి ఏం తెలుస్తుంది?

ఆడిటింగ్ ఆన్ చేసి ఉంటే 5136 ఈవెంటులో పాలసీని ఎవరు ముట్టుకున్నారో తెలుస్తుంది. ఏ సెట్టింగు మార్చారో మాత్రం అందులో ఉండదు. సెట్టింగులు సిస్‌వాల్ ఫోల్డర్‌లో విడిగా ఉంటాయి కాబట్టి. పాత బ్యాకప్‌తో పోల్చి చూసుకోవాల్సిందే. మార్పుకి ముందు బ్యాకప్ తీస్తానని ఒప్పుకోనిదే ఎడిట్ హక్కు నేనివ్వను, అడిగినవాడు నాకంటే సీనియరైనా.