పొలిమేరలో ఓ మామూలు సర్వర్

ర్యాక్‌లో ఆ పెట్టె ఎక్కడుందో వెతుక్కోవాలి. రెండంగుళాల మందం కూడా లేదు. ఏ ఆఫీసులోనైనా కనిపించే సర్వరే. వెనకవైపు నాలుగు ఆప్టికల్ పోర్టులు. రెండింటి ఫైబర్లు రెండు పెద్ద నెట్‌వర్కులకు వెళ్తాయి, మూడోది హైదరాబాద్‌లోని ఇంటర్నెట్ ఎక్స్ఛేంజికి, నాలుగోది ఊళ్లోని చందాదారుల వైపుకు. జిల్లా కేంద్రంలోని ఒక చిన్న ఇంటర్నెట్ సంస్థకు పొలిమేర ఇదే. ఇలాంటి చోట ఆ పనికోసమే తయారైన ఖరీదైన రౌటరే ఉండాలని చాలాకాలం నేనూ నమ్మాను. లోపల జరిగే పనిని ఒక్కో మెట్టూ చూశాక ఆ నమ్మకం నిలవలేదు.

పొలిమేర రౌటర్‌కు పనులు రెండు: దారులు నిర్ణయించడం, వచ్చిన ప్యాకెట్‌ను ఆ దారిన పంపడం. మొదటి పనికి కాస్త తీరిక ఉంటుంది. రెండో పనికి అసలు ఉండదు. అందుకే ఈ పెట్టెలో రెంటినీ విడదీసి వేర్వేరు ప్రోగ్రాములకు అప్పగించారు.

దారులు నిర్ణయించేది బర్డ్. ప్రాగ్‌లోని చార్లెస్ విశ్వవిద్యాలయంలో విద్యార్థుల ప్రాజెక్టుగా పుట్టిన ప్రోగ్రాం ఇది. ఇప్పుడు చెక్ దేశపు సీజెడ్ నిక్ సంస్థ సంరక్షణలో ఉంది. పొరుగు రౌటర్లతో ఇది టీసీపీ 179వ పోర్టు మీద బీజీపీ భాషలో మాట్లాడుతుంది. ఫలానా చిరునామాల గుంపుకు నా మీదుగా వెళ్లొచ్చు, మధ్యలో ఈ నెట్‌వర్కులు తగులుతాయి అని పొరుగు రౌటర్ చెబుతుంది. ఒక్క ఐపీవీ4లోనే ఇప్పుడు అలాంటి గుంపులు సుమారు 10 లక్షలు. ఒక్కోదానికీ ఇద్దరు ముగ్గురు పొరుగువాళ్లు దారి చూపుతారు. బర్డ్ అన్నీ విని, పోల్చి, ఒకటి ఎంచుతుంది.

విన్నదల్లా నమ్మకూడదు. 2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్ టెలికం తమ దేశంలో యూట్యూబ్‌ను ఆపబోయి 208.65.153.0/24 తనదేనన్నట్టు ప్రకటించింది. ఆ ప్రకటన దేశం దాటి బయటికి పొక్కింది. యూట్యూబ్ అప్పటికి ప్రకటిస్తున్నది 208.65.152.0/22. గీత తర్వాతి అంకె ఎంత పెద్దదైతే గుంపు అంత చిన్నది. రెండు దారులు పోటీపడితే చిన్న గుంపును చెప్పిన దారికే రౌటర్లు మొగ్గుతాయి కాబట్టి, లోకమంతా /24 వెంట పోయింది. బర్డ్‌లో ఇలాంటి వాటికి వడపోతలు రాసుకుంటాం. మన సొంత చిరునామాలు బయటినుంచి వస్తే వద్దు, 10.0.0.0/8 లాంటి ప్రైవేటు చిరునామాలు వద్దు. /24 కంటే చిన్న ముక్కలు వద్దు. అసలు హక్కుదారు సంతకంతో ఇచ్చిన ఆర్‌పీకేఐ పత్రానికి విరుద్ధంగా ఉంటే అసలే వద్దు. ఒక్కో షరతు ఒక్క పంక్తి. బాగా రాసిన వడపోత చదువుతుంటే తెలివైన గుమాస్తా రాసిన దస్తావేజులా ఉంటుంది.

ఇక పంపే పని. 10 గిగాబిట్ల లైను మీద అతి చిన్న ప్యాకెట్లే వరసగా వస్తే సెకనుకు 1 కోటి 48 లక్షల 80 వేలు. ఒక్కోదానికీ దక్కేది 67 నానోసెకన్లు. 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కు అది సుమారు 200 టిక్కులు. ప్రధాన మెమరీకి ఒక్కసారి వెళ్లిరావడానికే దాదాపు అంత కాలం పడుతుంది. ఇంతలోనే 10 లక్షల దారుల్లో సరైనది దొరకాలి.

ఈ వెతుకులాటకు డీపీడీకే అనే లైబ్రరీలో వాడిన అమరిక నాకు అన్నిటికన్నా ఇష్టం. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 1998లో ప్రతిపాదించిన పద్ధతి అది. చిరునామాలోని 32 బిట్లలో మొదటి 24 తీసుకుని, వాటితో ఏర్పడే ప్రతి సంఖ్యకూ ఒక గూడు కడతారు: మొత్తం 1,67,77,216 గూళ్లు. రైల్వే మెయిల్ సర్వీసులో ఉత్తరాలు వేరుచేసే గూళ్ల బీరువా ఇంత పెద్దదైందని ఊహించుకోండి. గూటికి నాలుగు బైట్ల చొప్పున 64 మెగాబైట్లు. ప్యాకెట్ రాగానే వెతకడమనేది లేదు, నేరుగా ఆ గూట్లో చేయి పెట్టడమే. /16 దారి వస్తే 256 గూళ్లలో ఒకే జవాబు రాసేస్తారు. మెమరీ దుబారా, నిజమే; కానీ కాలం మిగులుతుంది. ప్రతి గూట్లో జవాబు పక్కనే ఆ దారి ఎంత కచ్చితమైనదో కూడా రాసి ఉంటుంది. తర్వాత ఎప్పుడైనా పెద్ద గుంపు దారి వచ్చి చేరితే, అంతకన్నా కచ్చితమైన జవాబున్న గూళ్లను ముట్టుకోకుండా దాటిపోతుంది. మన నెట్‌వర్కు లోపలి దారుల్లోలాగా /24 కంటే చిన్న ముక్క ఉన్న చోట మాత్రం గూట్లో ఒక గుర్తు బిట్ వెలుగుతుంది. అది ఇంకో 256 గూళ్ల చిన్న అర వైపు చూపుతుంది. ముందు ఆ అరను పూర్తిగా నింపి, ఆ తర్వాతే పెద్ద గూట్లో గుర్తు పెడతారు. నడిమధ్యలో వచ్చిన ప్యాకెట్‌కు పాత జవాబో కొత్త జవాబో దొరుకుతుంది తప్ప సగం రాసినది ఎన్నడూ దొరకదు. ఆ వరస పాటించిన చేతికి దండం పెట్టాలనిపిస్తుంది.

సిస్కోలో పుట్టి 2016లో అందరికీ తెరిచిన వీపీపీ అనే ప్యాకెట్లు పంపే ప్రోగ్రాం ఇంకో కిటుకు చూపించింది. మన బంతి భోజనాల్లో ఒక్కో అతిథికీ అన్నీ వడ్డించి రెండో విస్తరి దగ్గరికి వెళ్లరు. పప్పు గిన్నె పట్టినవాడు బంతి చివరిదాకా పప్పే వడ్డిస్తాడు, వెనకే కూర వస్తుంది. వీపీపీ కూడా 256 ప్యాకెట్ల దాకా ఒక బంతిగా కూర్చోబెట్టి, అన్నిటికీ ఒక పని ముగించాకే తర్వాతి పని మొదలెడుతుంది. ప్రాసెసర్‌కు అతి దగ్గరగా ఉండే చిన్న మెమరీలో ఆ పని తాలూకు ఆదేశాలు అలాగే నిలిచి ఉంటాయి. మొదటి ప్యాకెట్ పెట్టించిన ఖర్చును మిగతా 255 పంచుకుంటాయి.

వందల కొద్దీ 100 గిగాబిట్ పోర్టులున్న చోట ప్రత్యేక చిప్పులే కావాలి; అక్కడ ఈ పెట్టె చాలదు. కానీ దారుల పట్టిక పెరిగితే దీనికి భయం లేదు. 2014 ఆగస్టు 12న ప్రపంచ పట్టిక 5 లక్షల 12 వేల దారులు దాటగానే పాత రౌటర్ల చిప్పుల్లో చోటు చాలక చాలాచోట్ల నెట్ తడబడింది. ఇక్కడైతే ఇంకో మెమరీ మాడ్యూల్ గుచ్చితే సరిపోతుంది.

ఇందాకటి బీరువాలో ఒక్కో గూట్లో ఉండే జవాబు పొరుగు రౌటర్ చిరునామా కాదు, ఒక అంకె. ఆ అంకె ఎవరిదో చెప్పే చిన్న జాబితా విడిగా ఉంటుంది. రోడ్డు తవ్వే జేసీబీ ఒక ఫైబర్‌ను తెంపిందనుకోండి. రెండో దారిని ముందే సిద్ధం చేసి ఉంచితే, పోర్టులో వెలుతురు ఆగిన క్షణాన జాబితాలో ఒక్క పంక్తి మారుతుంది. ఆ అంకె రాసి ఉన్న లక్షల గూళ్లు చెక్కుచెదరవు. వాటిలోంచి పోయే ప్యాకెట్లన్నీ మాత్రం రెండో ఫైబర్ మీద పడి ఉంటాయి.