పేరుకు 16 బైట్ల జాగా

గేమ్‌లో కనబడే ప్రతి నీడా, ప్రతి నీటి తళుకూ షేడర్ అనే చిన్న ప్రోగ్రాం పనితనమే. ఆ షేడర్‌ను గ్రాఫిక్స్ కార్డుకు అర్థమయ్యే ఆదేశాలుగా మార్చే కంపైలర్ డ్రైవర్లోనే ఉంటుంది. అంటే గేమ్ వాడుకునే మెమరీలోనే అదీ వాటా పంచుకుంటుంది. లినక్స్‌లో ఈ బాధ్యత ఎక్కువగా మీసాది. బ్రయన్ పాల్ 1993లో మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు ఇది. పాత 32 బిట్ల గేముల్లో మొత్తం చిరునామాల జాగాయే 4 గిగాబైట్లు. అందులో కంపైలర్ దుబారా చేస్తే గేమ్‌కు ఊపిరాడదు. ఆ దుబారా తగ్గించడానికి మీసాలోకి వచ్చిన కొన్ని మార్పులను ఎన్నిసార్లు చదివినా నాకు తనివి తీరదు.

మీసాలో మెమరీని రాలాక్ అనే పద్ధతిలో కేటాయిస్తారు. ప్రతి ముక్కకూ ఒక తల్లి ఉంటుంది. తల్లిని విడుదల చేస్తే పిల్లలన్నీ దానితోపాటే పోతాయి. ఈ సౌకర్యం ఊరికే రాదు. ప్రతి ముక్క ముందూ ఒక హెడర్ ఉండాలి: తల్లి ఎవరు, తొలి పిల్ల ఎవరు, అటూ ఇటూ తోబుట్టువులెవరు, పోయే ముందు ఏ ఫంక్షన్‌ను పిలవాలి అని చెప్పే ఐదు పాయింటర్లు. 32 బిట్లలో తక్కువలో తక్కువ 20 బైట్లు, 64 బిట్లలో 40. ఇప్పుడు షేడర్‌లో ‘యూవీ’ అని ఒక చలరాశి ఉందనుకోండి. ఇంగ్లీషులో ఆ పేరు రెండక్షరాలే, చివరి సున్నాతో కలిపి 3 బైట్లు. ఆ మూడింటికి ఇరవై బైట్ల హెడర్, దాని మీద, అడుగున మెమరీని అసలు కేటాయించే మాలాక్ సొంత లెక్కలకు మరికొంత.

పరిష్కారం చూడటానికి చిన్నదే. చలరాశి నిర్మాణంలోనే 16 బైట్ల జాగా పెట్టారు. పేరు అందులో పడితే అక్కడే, పట్టకపోతే పాత పద్ధతిలో విడిగా. కంపైలర్ తన అవసరానికి పుట్టించుకునే తాత్కాలిక చలరాశులకైతే విడి పేర్లే తీసేసి, అన్నిటికీ కలిపి ఒకే ఉమ్మడి పేరు ఇచ్చారు. కానీ ఇందులో మెలిక ఉంది. పేరు పొడుగైనా, అసలు లేకపోయినా ఆ 16 బైట్ల భారం ప్రతి చలరాశీ మోయాల్సిందే. కాబట్టి లాభమా నష్టమా అన్నది నిజమైన షేడర్ల మీద కొలిచి తేల్చుకోవలసిన సంగతి.

తాత్కాలిక పేర్లు తీసేసిన మార్పును అలాగే కొలిచారు. డోటా 2 గేమ్ డ్రైవర్‌ను పిలిచిన పిలుపులను ఏపీఐట్రేస్‌తో పట్టి, అవసరమైనంత మేరకు కత్తిరించి, మెమరీ వాడకాన్ని పరిశీలించే వాల్‌గ్రైండ్ సాధనంలోని మాసిఫ్ కింద మళ్లీ నడిపారు. మార్పుకు ముందూ తర్వాతా వచ్చిన అంకెలను, 32 బిట్లకూ 64 బిట్లకూ విడివిడిగా, మార్పు వివరణలోనే రాసి పెట్టారు. ఆ పట్టికను జాగ్రత్తగా చదవాలి. మాసిఫ్ ఒక గడిలో ప్రోగ్రాం అడిగిన బైట్లను, ఇంకో గడిలో కేటాయింపు ఖర్చును చూపిస్తుంది. రాలాక్ హెడర్ మాత్రం ‘అడిగినవి’ గడిలోకే వెళ్తుంది, ఎందుకంటే మాసిఫ్ దృష్టిలో అదీ ప్రోగ్రాం కోరిందే. ఇది తెలియనివారు ఖర్చు గడి ఒక్కటే చూసి పొదుపును తక్కువగా అంచనా వేస్తారు.

మెమరీ తగ్గితే సరిపోదు, బయటికొచ్చే ఆదేశాలు మారకూడదు. అందుకు షేడర్-డీబీ ఉంది. పోగేసిన షేడర్లన్నిటినీ మార్పుకు ముందున్న కంపైలర్‌తోనూ తర్వాతి కంపైలర్‌తోనూ నడిపి, ఆదేశాల సంఖ్యను పోల్చి చూపిస్తుంది. కేటాయింపు మాత్రమే మారిన చోట తేడా సున్నా రావాలి. ఒక్క ఆదేశం అటూ ఇటూ అయినా వదలకూడదు. అలా అయిందంటే ఎక్కడో కోడ్ సున్నాతో నింపని మెమరీని చదువుతూ ఉండాలి, లేదా పాయింటర్ విలువ మీద ఆధారపడిన హాష్ టేబుల్ వరసను నమ్ముకుని ఉండాలి. అంటే పాత తప్పులను కూడా బయటికి లాగే పరీక్ష ఇది.

కంపైలర్ లోపల షేడర్‌కు మీసా ఇచ్చే ఎన్ఐఆర్ అనే మధ్యంతర రూపంలో ఈ శ్రద్ధ ఇంకా ముదిరింది. అక్కడి స్వీప్ అనే ఫంక్షన్ భోగినాటి ఇంటి పని లాంటిది. షేడర్ సొత్తు మొత్తాన్నీ ముందు ‘చెత్త’ అని పేరు పెట్టిన తాత్కాలిక తల్లి కిందకు నెట్టేస్తుంది. పనికొచ్చేవాటిని ఒక్కొక్కటే వెతికి వెనక్కి తెచ్చుకుంటుంది. మిగిలినదాన్ని ఒక్క దెబ్బతో విడుదల చేస్తుంది. వెనక్కి తేవలసినదాన్ని మరిచిపోతే? దాదాపు ఇలాంటి ప్రమాదాలకే డీబగ్‌లో క్లోన్ అనే పరీక్ష పెట్టారు. ప్రతి దశ తర్వాతా షేడర్‌కు నకలు తీసి, దాన్ని అసలు స్థానంలో పెట్టి, పాత సొత్తును పారేస్తుంది. ఎవరైనా పాత పాయింటర్‌ను దాచుకుని ఉంటే ఆ తర్వాత వాల్‌గ్రైండ్ చేతికి చిక్కుతారు. గొడవలు తమంతట తాము బయటపడేదాకా కూర్చోకుండా కావాలనే రేపే ఈ పద్ధతికి నేను చేతులెత్తి మొక్కుతాను.

కంపైలర్లు చదువుకుంటున్న విద్యార్థులకు ఒక మాట: మీసా కోడ్, దాని మార్పుల చరిత్ర అందరికీ ఉచితంగా అందుబాటులో ఉన్నాయి. పాఠ్యపుస్తకం పక్కన ఆ మార్పుల వివరణలు తెరిచి పెట్టుకోండి, ముందూ తర్వాతా అంకెలతో సహా చదవండి.