రాబందు అనే తిట్టు

ఈ మధ్య ఒక ఆదివారం కూర్చుని సిరిసిల్ల నేత కార్మికుల ఆత్మహత్యల మీద వచ్చిన పాత కవితలు వరుసగా చదివాను. సాంచాల చప్పుడు, అప్పులు, ఆగిపోయిన మగ్గం, గుడ్డ కప్పిన మనిషి. మూడో కవితకి రాబందు దిగింది. ఆ తర్వాత దిగుతూనే ఉంది. వడ్డీ వ్యాపారి రాబందు, దళారి రాబందు, ప్రపంచ బ్యాంకు కూడా రాబందే. కొంతసేపు లెక్కపెట్టి మానేశాను.

ఆ కవితల్లో కోపం నిజమైనది, దాన్ని వేళాకోళం చేసే ఉద్దేశం నాకు లేదు. నా పేచీ ఆ పోలికతోనే. రాబందు బతికున్నదాన్ని చంపదు, చచ్చినదాన్నే తింటుంది. వడ్డీ వ్యాపారి చేసే పని సరిగ్గా దీనికి తిరగేసి ఉంటుంది కదా! "చావు కోసం కాచుకు కూర్చుంటుంది, అదీ పోలిక" అంటారు. సరే, ఒప్పుకుందాం. కానీ ఈ కవితల్లో చాలావరకు రాసినవి తొంభైల చివర్లోనూ 2000 తర్వాతా. అప్పటికి మన ఊళ్ళ మీద తిరిగే రాబందులు దాదాపు లేవు. అంటే కవి ఆకాశం చూసి రాయలేదు, అంతకుముందు కవితలు చూసి రాశాడు. పక్షులు పోయాయి, తిట్టు మిగిలింది.

అవి ఎలా పోయాయో తెలిస్తే ఆ తిట్టు ఇంకా ఇబ్బందిగా వినిపిస్తుంది. తొంభైల్లో భరత్‌పూర్ కేవలదేవ్ పార్కులో రాబందులు మెడలు వేలాడేసి కూర్చుని, కొమ్మల మీంచి రాలిపోవడం విభు ప్రకాశ్ గమనించారు. ఏదో అంటురోగమనే చాలామంది శాస్త్రవేత్తలు అనుకున్నారు, వైరస్ కోసం వెతికారు. అసలు సంగతి 2004లో పాకిస్తాన్ పంజాబ్‌లో పనిచేసిన లిండ్సే ఓక్స్ బృందం 'నేచర్' పత్రికలో బయటపెట్టింది. కారణం డైక్లోఫెనాక్. మనం నడుం నొప్పికి మింగే మాత్రే.

కథ ఇలా నడుస్తుంది. దున్నే రోజుల్లో ఎద్దు కాలు వాస్తుంది. రైతు బతిమాలి ఎవరితోనో సూది వేయిస్తాడు. నొప్పి తగ్గుతుంది. రెండ్రోజులకి ఇంకేదో జబ్బుతో ఎద్దు చచ్చిపోతుంది. ఊరి బయట వేస్తారు, రాబందులు దిగుతాయి. మాంసంలో మిగిలిన మందు వాటి మూత్రపిండాలను పాడుచేస్తుంది. యూరిక్ యాసిడ్ లోపలి అవయవాల మీద తెల్లటి సుద్దలా పేరుకుంటుంది. కొద్దిరోజుల్లోనే చావు. చచ్చిన పశువుల్లో నూటికి ఒక్కదానికన్నా తక్కువ వాటిలో ఈ మందు ఉన్నా చాలు, మొత్తం జాతి కూలిపోతుందని లెక్క తేలింది. 1992 నుంచి 2007 లోపు మన దేశంలో తెల్లనడుము రాబందుల సంఖ్య 99.9 శాతం పడిపోయింది.

ఇందులో విలన్ ఎవరో చూడండి. ఎద్దు మీద ప్రేమున్న రైతు. చౌకగా దొరికిన మందు. '2.0' సినిమాకి సెల్ టవర్లు దొరికాయి, మన కవిత్వానికీ అలాంటి ఒక శత్రువు కావాలి. ఇక్కడ దయ చంపింది. మన ఉద్యమ కవిత్వానికి ఈ రకం విషాదం రాసే అలవాటు లేదనిపిస్తుంది, రాబందును శత్రువు కుర్చీలో కూర్చోబెట్టడం అలవాటైపోయింది గనక. ఈ కథ జరిగింది కొండకొమ్మున కాదు, పశువుల కొట్టంలో. కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది. సిరిసిల్ల కవికి దూరమేమీ కాదు. అయినా ఆ పాఠం నుంచి ఈ కవితకి దారి పడలేదు.

ఇంకో సంగతి చెప్పడానికి కొంచెం మొహమాటంగా ఉంది. చచ్చిన గొడ్డును ఊరు దాటించే పని ఎవరి మీద పెట్టాం? తోలు ఒలిచే పని? ఒలిచాక మిగిలింది రాబందుల వంతు. శవం దగ్గర పనిచేసేవాళ్ళంతా నీచం అన్న చూపే మనిషి మీదా పడింది, పక్షి మీదా పడింది. "పీక్కుతినడం" అన్న మాటలో అసహ్యం ఎక్కడినుంచి వచ్చిందో అభ్యుదయ కవి ఒకసారి తడుముకోవాల్సింది.

పురాణం దగ్గర మాత్రం మనకి ఇబ్బంది లేదు. సీత కోసం రెక్కలు తెగిన జటాయువు గృధ్రమే, అంటే రాబందే. గద్ద అన్న మాట ఆ గృధ్రానికి వికృతి. అయినా జటాయువును రాబందు అని పిలవడానికి నోరు రాదు. హర్యానాలోని పింజోర్ సంరక్షణ కేంద్రానికి కూడా జటాయువు పేరే పెట్టారు. రాబందు అంటే నిధులు రావేమో!

పక్షి అర్థాన్ని తిరగేయడం మనకి చేతకాని పనేం కాదు. జగిత్యాల కవి అలిశెట్టి ప్రభాకర్ 1978లో తన తొలి పుస్తకానికి 'ఎర్ర పావురాలు' అని పేరు పెట్టాడు. శాంతికి గుర్తుగా అరిగిపోయిన తెల్ల పావురం ఒక్క విశేషణంతో ఇంకో పక్షయింది. అంతకన్నా పెద్ద పని 1941లో జాషువా చేశాడు. ఇంట్లోకొస్తే అరిష్టమని తరిమే గబ్బిలాన్ని తీసుకుని, గుడి లోపలికి పోలేని మనిషి తరఫున శివుడి దగ్గరికి దూతగా పంపాడు. మేఘం, హంస వెళ్ళే దారిలో గబ్బిలం! జాషువా తర్వాత ఆ పేరు తిట్టుగా వాడాలంటే కొంచెం ఆలోచించాలి. రాబందుకి ఆ అదృష్టం ఇంకా పట్టలేదు.

మన ప్రాంతపు రాబందు కథ పూర్తిగా ముగియలేదు కూడా. జగిత్యాల నుంచి గోదావరి దాటి ఉత్తరానికి పోతే, ప్రాణహితలో పెద్దవాగు కలిసేచోట, బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట ఉంది. 2013లో అక్కడి రాతి అంచుల మీద పొడవు ముక్కు రాబందుల గూళ్ళు బయటపడ్డాయి. ఈ పక్షి ఏడాదికి ఒకే గుడ్డు పెడుతుంది. పిల్ల పెద్దదై తను గూడు కట్టుకోవడానికి ఐదేళ్ళు పడుతుంది. పశువులకి డైక్లోఫెనాక్ వాడొద్దని 2006లోనే నిషేధించినా, మనుషుల కోసం వచ్చే పెద్ద సీసాలు కొట్టాల్లోకి చేరుతూ వచ్చాయి. 2015లో ఆ సీసాను 3 మిల్లీలీటర్లకి కుదించాల్సి వచ్చింది. కీటోప్రొఫెన్, అసెక్లోఫెనాక్‌ల నిషేధానికి 2023 దాకా ఆగాం. మెలోక్సికామ్ లాంటి క్షేమమైన మందు ఉందని చాలా ముందే తెలిసి కూడా.

ఒకటి ఒప్పుకోవాలి. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో నేనూ సిరిసిల్ల మీద ఓ కవిత రాశాను. మొన్న వెతికి తీసి చూస్తే అందులో రాబందు రెండుసార్లు ఉంది. ఒకచోట కొట్టేసి "వడ్డీ వ్యాపారి" అని రాసి చూశాను. పాదం పొడుగైంది, కోపం మాత్రం తగ్గలేదు.