లీజర్ పీరియడ్ తగాదాలు

టీచర్ల మధ్య గొడవలెందుకని ఎవరినడిగినా ‘ఈగో’ అనేస్తారు. నేనొప్పుకోను. ఉద్యోగమంతా జిల్లా పరిషత్ హైస్కూళ్లలోనే చేశాను. చూసిన తగాదాల్లో చాలావరకు టైమ్‌టేబుల్లో పుట్టినవే.

లెక్కల మాస్టారికి పదో తరగతి మొదటి పీరియడ్ కావాలి. ఫిజిక్స్ మేడమ్‌కీ అదే కావాలి. అన్నం తిన్న పిల్లలు కునికిపాట్లు పడే పీరియడ్ మాత్రం ఎవరికీ అక్కర్లేదు, ఏటా సోషల్ సారు మెడకే చుట్టుకుంటుంది.

అంతకంటే పెద్ద చిక్కు అడ్జస్ట్‌మెంట్ రిజిస్టరు. ఒకరు సీఎల్ పెడితే, వాళ్ల క్లాసు తీసుకోవాల్సొచ్చి ఇంకొకరి లీజర్ పోతుంది. ప్రార్థన అవగానే అటెండరు ఆ పుస్తకం పట్టుకుని స్టాఫ్ రూములోకొస్తే కబుర్లు ఆగిపోతాయి. వరుసగా మూడో రోజు తన పేరే చూసుకున్న టీచరు సంతకం పెడుతుంటే పెన్ను కాగితాన్ని చీల్చేలా ఉంటుంది. పేరు రాసింది హెడ్మాస్టరు, కోపం మాత్రం సెలవు పెట్టినావిడ మీద!

హెడ్మాస్టరు చేతిలో ఏముంది గనక? జీతం పెంచలేడు. బదిలీ చేయలేడు, అవి పాయింట్ల లెక్కన కౌన్సెలింగ్‌లో జరుగుతాయి. మెమో ఇవ్వొచ్చు. ఇచ్చిన సాయంత్రానికే సంఘం నాయకుడి ఫోనొస్తుంది. తగాదా పడ్డ ఇద్దరివీ వేర్వేరు సంఘాలైతే రెండు ఫోన్లు.

నేను పనిచేసిన ఒక బడిలో హెడ్మాస్టరు ఎవరికెన్ని అడ్జస్ట్‌మెంట్లు పడ్డాయో నెలనెలా చార్టు రాసి గోడకంటించేవారు. మొదటి పేరు ఆయనదే. ఎవరైనా ఫిర్యాదు మోసుకొస్తే, “ఆవిణ్ణి కూడా పిలుద్దామా మాస్టారూ?” అనేవారు. సగం ఫిర్యాదులు గుమ్మం దగ్గరే వెనక్కి తిరిగేవి.

అన్నిటినీ ఆయన చక్కదిద్దలేదు. తెలుగు పండితుడికీ హిందీ పండితుడికీ ఏళ్ల తరబడి మాటల్లేవు. కలపాలని ఆయన తాపత్రయపడలేదు; పరీక్షల డ్యూటీల్లో వేర్వేరు గదులేసి ఊరుకున్నారు. చేతకానితనమన్నారు కొందరు. నాకది తెలివిగానే తోచింది. ఇద్దరూ పిల్లల చేత చీటీలు పంపుకోవడం మొదలుపెట్టాక మాత్రం విడివిడిగా పిలిచి, “మీ పంతం మీ దగ్గరే ఉంచుకోండి, పిల్లల చేత మోయించకండి” అన్నారు. చీటీలు ఆగాయి, మాటలు మాత్రం కలవలేదు.

జూన్‌లో బడి తెరిచేలోపు టైమ్‌టేబుల్ వేసే హెడ్మాస్టర్లకు నా విన్నపం: ముసాయిదాను ముందు స్టాఫ్ రూములో పెట్టండి. భోజనం తర్వాతి పీరియడ్‌ను ఏడాదికొకరికి మార్చండి. ఈ ఏడు మీరే తీసుకోండి.